జాగా లేనోళ్లకు ఇల్లెక్కడిది?

మా రోజుల్లో సర్కారు ఇల్లంటే ముందు జాగా చూపించేవారు, ఆ తర్వాతే ఇటుకల మాట. 1983లో రామారావుగారు వచ్చి బలహీన వర్గాలకు పక్కా ఇళ్లన్నప్పుడు గానీ, 1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన తెచ్చినప్పుడు గానీ, పటాన్‌చెరు చుట్టుపక్కల మా ఊళ్లల్లో రెవెన్యూ వాళ్లు గొలుసు పట్టుకుని ఊరి పక్క జాగా కొలిచి, ముగ్గు పోసి, పట్టా కాగితం చేతిలో పెట్టేవారు.

ఇల్లు చిన్నదే. ఒక గది, ముందు వరండా, కింద తాండూరు బండలు. వానాకాలం గోడలు చెమ్మగిల్లేవి. అయినా ఇంటి వెనక మేకను కట్టేసుకునేటంత, నాలుగు బీరపాదులు పెట్టుకునేటంత చోటుండేది. కొడుక్కి పెళ్లయితే అక్కడే ఇంకో గది లేచేది.

ఇప్పుడు పైసలు పెరిగాయి, కాదనను. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షలిస్తున్నారు. మంజూరు ఆడవాళ్ల పేరున. ఫోన్లో ఫొటో తీసి ఎక్కిస్తే బిల్లు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. మా కాలంలో ఒక్క బిల్లు కోసం చెప్పులరిగేలా తిరిగేవాళ్లం. ఈ మార్పు మంచిదే.

కానీ మొదటి లక్ష రావాలంటే ముందు బేస్‌మెంట్ లేవాలి. పునాది తవ్వకానికి, రాయికి, ఇసుకకు, మేస్త్రి కూలికి పైసలెక్కడివి? అవి లేకనే కదా సర్కారు గడప తొక్కింది! వడ్డీకి తెచ్చి పునాది పోసుకున్నవాళ్లకు, బిల్లు ఆలస్యమైన ప్రతి నెలా మిత్తి పెరుగుతుంది.

అంతకన్నా పెద్ద బాధ ఇంకోటుంది. తొలి విడతలో ఆ 5 లక్షలు సొంత జాగా ఉన్నవాళ్లకే. మరి పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం వైపు గజం జాగా కొనే శక్తి ఏ కూలివాడికుంది? ఫ్యాక్టరీలకు భూములిచ్చిన ఊళ్లివి. నక్కవాగు నీళ్లు రంగు మారితే భరించిన ఊళ్లివి. ఆ ఊళ్ల బిడ్డలే ఈరోజు రేకుల కప్పు కింద, పది గదులకు ఒక్క నల్లా ఉన్న లైన్లలో కిరాయికుంటున్నారు. జీతం రాగానే మొదట కిరాయి కట్టాలి, తర్వాతే బియ్యం.

2023 జూన్‌లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించారు. ఒక్కోటి 560 చదరపు అడుగులు, లిఫ్టులూ ఉన్నాయి. జాగా మా జిల్లాది, ఇళ్లు ఎక్కువగా హైదరాబాద్ నగరం లబ్ధిదారులవి. వాళ్లూ పేదలే, వాళ్లకు రావద్దని నేననను. మా ఊళ్లల్లో పేదలకు కూడా ఆ లెక్కన కట్టి చూపించమనే అడుగుతున్నాను.

ఇందిరమ్మ పేరు మాకు కొత్తది కాదు. 1980లో ఆమెను గెలిపించి పార్లమెంటుకు పంపింది మా మెదక్. ఆ పేరు పెట్టుకున్న పథకం జాగా లేదన్న కారణంతో పేదవాణ్ణి వెనక్కి పంపకూడదు.

సర్కారు భూమి ఇంకా కొన్ని ఊళ్లల్లో మిగిలే ఉంది. దాన్ని మరో కంపెనీకి రాసిచ్చే ముందు, ఊరికి నాలుగెకరాలన్నా ఇళ్ల జాగాలకు తీసిపెట్టండి. ఊళ్లో ఉన్న పెద్దమనుషులారా, వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం మీరే పెట్టించండి.