జక్కయ్య చెట్టు దిగలేదు

ఆరాధనకు ఇప్పుడు మన సంఘాల్లో ఏ లోటూ లేదు. కీబోర్డు ఉంది, రిథమ్ ప్యాడ్ ఉంది, పాడే తమ్ముడి గొంతుకు ఊరి చివరిదాకా వినిపించే ఎకో ఉంది. వెనక ఎల్‌ఈడీ తెర మీద మేఘాలు తేలిపోతుంటాయి. యూట్యూబ్ లైవ్ కెమెరా మన వరస వైపు తిరిగిందంటే చేతులు ఇంకో జానెడు పైకి లేస్తాయి, కన్నీళ్లు కూడా సమయానికి అందుతాయి. పరలోకంలో దూతలు సైతం చెవుల్లో దూది పెట్టుకుని మరీ సంతోషిస్తూ ఉండాలి.

చిక్కల్లా ఒక్కటే. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో యేసుప్రభువు మన ఆర్డర్ ఆఫ్ సర్వీస్‌లో ఎక్కడా ఇమడని మాట ఒకటి అనేశారు. బలిపీఠం ముందు కానుకతో నిలబడ్డాక నీ వల్ల నీ సహోదరుడు నొచ్చుకున్నాడని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్లి అతనితో సమాధానపడి రమ్మన్నారు. ఆ మాట అన్నది గలిలయలో. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. అక్కడ గుర్తొస్తే కాలినడకన రానూపోనూ వారం పట్టే పని. మనకంత శ్రమ లేదు, సహోదరుడు ముందు వరసలోనే కూర్చుంటాడు. అయినా లేవం. పైగా ఆయన అడిగింది మనకు ఎవరి మీద కోపముందని కాదు, మన మీద ఎవరికి కోపముందని. ఆ పేర్లు రాయడానికి కానుక కవరు చాలదు.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. తెల్ల చీరలు, ఇస్త్రీ చొక్కాలు, తల మీద ముసుగులు. ఏ ఊరి చర్చిలో చూసినా ఒక అన్నదమ్ముల జంట తప్పకుండా ఉంటుంది. చేని గట్టు మూరెడు జరిగిందని మొదలైన తగువు, ఇప్పుడు కోర్టులో వాయిదాల మీద నడుస్తోంది. పెద్దాయన కుడివైపు, చిన్నాయన ఎడమవైపు. మోకరించే చోట ఇద్దరూ పక్కపక్కన పడకుండా మధ్యలో నలుగురిని సర్దే పని సంఘపెద్ద చూసుకుంటాడు, అది ఆయనకు ప్రభువు అప్పగించిన ప్రత్యేక పరిచర్య. రొట్టె నోట్లో పెట్టుకుని, చిన్న గ్లాసులో రసం తాగి, ఇంటికెళ్లి కోడికూర తిని, సోమవారం పొద్దున్నే లాయరుకు ఫోను. పరలోక ప్రార్థన ఇద్దరికీ కంఠతా వచ్చు. తోటివాణ్ని తాము ఎంత క్షమించారో తమనూ అంతే క్షమించమని ప్రతి ఆదివారం ఇద్దరూ నోరారా అడుగుతున్నారు. దేవుడు కనికరం గలవాడు కాబట్టి ఆ ప్రార్థన ఇంకా ఆలకించలేదు.

ఇక బుధవారం ఇంటికూటం సంగతి. "అక్కా, ఫలానా వాళ్ల అమ్మాయి విషయం విన్నారుగా? ప్రార్థనలో పెట్టండి, ఎవరికీ చెప్పకండి." రాత్రి తొమ్మిదింటికల్లా పేటంతా భారంతో ప్రార్థిస్తూ ఉంటుంది. పేరు చెప్పి తిట్టడం పాపం కనుక, "కొందరి గర్వం అణచు తండ్రీ" అంటూ కళ్లు మూసుకునే తిట్టే పద్ధతి కూడా ఒకటి వృద్ధిలోకి వచ్చింది. ఆ కొందరు కిటికీ పక్కన మూడో కుర్చీలో ఉన్నారని దేవుడికి తెలియదేమోనని గొంతు అటువైపే తిరుగుతుంది.

వీటినైనా మానవ బలహీనత అని సరిపెట్టుకోవచ్చు. అసలు వ్యాపారం క్షమాపణ దగ్గర జరుగుతోంది. చర్చి శ్లాబు నిధి తిన్న ట్రెజరరు సాక్ష్యం విననివాళ్లు ఎవరు? మైకు పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తాడు. తాను పాపినంటాడు, ప్రభువు తనను కడిగేశాడంటాడు. సంఘమంతా హల్లెలూయ. మిరపకోత కూలి డబ్బుల్లో దాచి శ్లాబుకిచ్చిన ముసలమ్మ మాత్రం, "సంతోషం నాయనా, మరి మా డబ్బులో?" అని అడుగుతుంది. అంతే, ఆమెకు తీర్పు తీర్చే ఆత్మ పట్టిందని తేలుతుంది. వచ్చేవారం ప్రసంగం ఆమె మీదే.

లూకా సువార్త 19లో ఈ ట్రెజరరు లాంటివాడే ఒకడున్నాడు. యెరికోలో సుంకరుల పెద్ద, జక్కయ్య. పొట్టివాడని, మేడిచెట్టెక్కాడని సండే స్కూలు పిల్లలు అభినయంతో సహా చెబుతారు. దిగాక ఏం చేశాడో అడగండి, పెద్దలకు కూడా దగ్గొస్తుంది. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా గుంజిన చోట నాలుగింతలు కడతానన్నాడు. రక్షణ ఆ ఇంటికి వచ్చిందని ప్రభువు చెప్పింది ఆ లెక్క విన్నాకే. మన ప్రసంగాల్లో జక్కయ్య చెట్టెక్కుతాడు గానీ దిగడు. దిగితే చెక్కుబుక్కు తీయాల్సి వస్తుంది.

మొగుడు కొడితే వాచిన మొహంతో వచ్చిన ఆడపిల్లకు మాత్రం లెక్కలు బాగానే చెబుతారు. ఏడు డెబ్బైలు నాలుగు వందల తొంభై, ఇంకా చాలా మిగిలాయమ్మా, ఓర్చుకో. ప్రభువు నోట ఆ లెక్క వచ్చినప్పుడు పేతురు అడిగింది ఎన్నిసార్లు క్షమించాలని. ఎన్నిసార్లు కొట్టొచ్చని కాదు. లూకా 17లో అదే క్షమాపణ మాటకు ముందు తప్పు చేసినవాణ్ని గద్దించమని కూడా ఉంది. ఆ పని అయ్యగారి వంతు. అయ్యగారేమో తల పైకెత్తి చూస్తారు, గిర్రున తిరిగే ఫ్యాను ఆగినప్పుడల్లా రెక్క మీద దాత పేరు కనబడుతుంది. ఆ దాతే ఆ మొగుడు.

పేతురు అడిగినదానికి ప్రభువు చెప్పిన కథలో రాజు తన దాసుడికి పదివేల తలాంతుల అప్పు కొట్టేశాడు. తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. అంటే ఆరుకోట్ల రోజుల కూలి. బయటికొచ్చి ఆ దాసుడు గొంతు పట్టుకున్నది నూరు దేనారాల కోసం, అంటే మూడు నెలల పైచిలుకు కూలికి. అదీ చిన్న మొత్తమేం కాదు, నిజమైన నష్టమే. క్షమించడం ఖర్చులేని పనని ఆ కథ ఎక్కడా అనదు. మొదటి సగాన్ని మనం కీబోర్డు మీద పాడుకుంటాం, రెండో సగం పక్కింటివాడికి వర్తిస్తుందనుకుంటాం.

క్షమాపణ మీద ఉజ్జీవ సభ అంటే గ్లాడిస్ స్టెయిన్స్ గారి ప్రస్తావన రావలసిందే. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో జీపులో నిద్రపోతున్న ఆమె భర్త గ్రాహమ్‌ను, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని సజీవంగా తగలబెట్టారు. హంతకులను క్షమించానని చెప్పి, బారిపదలోనే ఉండి, కుష్ఠురోగుల సేవ కొనసాగించారామె. 2005లో పద్మశ్రీ వచ్చింది. ప్రసంగీకుడు ఇది చెబుతుంటే పందిట్లో ఏడవనివాళ్లు ఉండరు. ఆమె క్షమించారని కేసు మూసేయలేదని, 2003లో కోర్టు నేరస్థులకు శిక్ష వేసిందని మాత్రం ఆయన చెప్పడు. ట్రెజరరు ముందు వరసలోనే ఉన్నాడు మరి. కన్నీళ్లు తుడుచుకుని అందరూ బయటికొస్తారు. గేటు దగ్గర తోడికోడలు ఎదురైతే తల పక్కకు తిప్పుకుంటారు. గొడవ పిల్లల్ని తగలబెట్టినంతది కాదు, సీమంతానికి పిలవలేదని.

ఈ ఆదివారం శ్లాబు కోసం మళ్లీ ప్రత్యేక కానుక పడుతున్నారు. పాత లెక్కలు అడిగేవాళ్ల మారుమనస్సు కోసం శుక్రవారం ఉపవాస ప్రార్థన, భోజనాలు ట్రెజరరు గారింట్లో.