ఇద్దరు కలెక్టర్లకు ఒకే అర్జీ

తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్ గార్లకు,

పొద్దున్నే నడిచే పెద్దవాళ్లు సమర్పించుకుంటున్న బహిరంగ విన్నపం.

అర్జీదారులు అరవై దాటినవాళ్లు. చిత్తూరు మెసానికల్ గ్రౌండులోనో, తిరుపతి యూనివర్సిటీ మైదానంలోనో తెల్లారకముందే రౌండ్లు కొట్టే బాపతు. సోమవారం అర్జీల క్యూలో నిలబడే ఓపిక ఉంది గానీ, ఎవరి క్యూలో నిలబడాలో తేలలేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లా చీలినప్పుడు కరకంబాడి బ్యాటరీల ఫ్యాక్టరీ తిరుపతి వాటాకు, నూనెగుండ్లపల్లెది చిత్తూరు వాటాకు వచ్చాయి. బ్యాటరీ అంటే సీసం. సీసం గురించి అడగాలంటే ఇద్దరినీ అడగాలి కదా!

2021 ఏప్రిల్ 30న కాలుష్య నియంత్రణ మండలి ఈ రెండు ఫ్యాక్టరీలు నడిపే అమరరాజా బ్యాటరీస్‌కు మూసివేత ఉత్తర్వులిచ్చింది. కార్మికుల రక్తంలో సీసం ఎక్కువగా ఉందన్నది మండలి చెప్పిన కారణాల్లో ఒకటి. నిబంధనలు పాటిస్తున్నామని కంపెనీ అన్నది. మే నెలలో హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. తప్పెవరిదో తేల్చడం అర్జీదారుల తరం కాదు. వాళ్ల బాధ మతిమరుపు గురించి.

మతిమరుపని ఆస్పత్రికి పోతే, "వయసు మీద పడింది, నడవండి" అంటారు. మంచి మాటే. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవాళ్ల మీద జరిగిన అధ్యయనం ఫలితాలొచ్చాయి. వారానికి మూడు రోజులు, నలభై నిమిషాల చొప్పున నడిచినవాళ్లకు ఏడాది తిరిగేసరికి, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగం సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే కసరత్తులతో సరిపెట్టుకున్నవాళ్లకు అది కుంచించుకుపోయింది.

కానీ ఆస్పత్రిలో అడగని ప్రశ్న ఒకటుంది. "వయసులో ఉన్నప్పుడు ఏం పని చేస్తా ఉంటివి పెద్దాయనా?"

అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటరు, గిన్నెలకు కళాయి పూసినాయన, 2000కు ముందు సీసం కలిసిన పెట్రోలు పోసిన బంకు పనివాడు, అందరూ ఇప్పుడు తాతలే. రక్తంలోని సీసం నెల తిరిగేసరికి సగానికి తగ్గుతుంది. ఎముకల్లో చేరిందంటే మాత్రం దశాబ్దాలు కాపురం పెడుతుంది. పెద్దవాళ్ల ఒంట్లో ఉన్న సీసంలో 90 శాతానికి పైగా ఉండేది అక్కడే. వయసు మళ్లి ఎముక అరిగేటప్పుడు, ఆడవాళ్లకు ముట్లుడిగాక, మనిషి మంచాన పడ్డాక, అది మళ్లీ రక్తంలోకి దిగుతుంది. బోస్టన్‌లో 1963లో మొదలైన అధ్యయనంలో మోకాలిచిప్పలో సీసం ఎక్కువున్న మగవాళ్లకు మతి పరీక్షలో మార్కులు త్వరగా పడిపోయాయి. మోకాళ్ల పర్వతం ఎక్కే ఊరివాళ్లకు ఈ సంగతి కాస్త ఎక్కువే నాటుతుంది. నడక ఆ సీసాన్ని కడిగెయ్యదు. ఎముకను గట్టిగా ఉంచుతుంది, మెదడుకు సాయపడుతుంది, అంతవరకే.

ఇది పాతకాలం మాటే కాదు. పాత బ్యాటరీలు కరిగించే చోట ఒకసారి నిలబడి చూడండి. సుత్తితో డబ్బా పగలగొడతారు, యాసిడ్ కాలవలో పోస్తారు, పలకల్ని ఇనప మూకుట్లో కరిగిస్తారు. పైన తేలిన బూడిదరంగు తెట్టును గరిటెతో తీసి నేలమీద కొడతారు. ఆరితే అది నుసి. ఆ చేత్తోనే బీడీ, ఆ చేత్తోనే సంగటి ముద్ద. పాత బ్యాటరీ నమోదైన రీసైక్లర్‌కే చేరాలని 2022 నాటి నియమాలున్నాయి. నియమాలకేం, ఉంటాయి.

గాలిలో సీసం కాలుష్య మండలిది. ఫ్యాక్టరీలోది ఫ్యాక్టరీల శాఖది. కల్తీ పసుపులోది ఆహార భద్రతా అధికారులది. రక్తంలోది వైద్యారోగ్య శాఖది. ఎముకలో ఉన్నదానికి శాఖ లేదు!

2020 డిసెంబరులో ఏలూరులో ఆరొందల మందికి పైగా జబ్బుపడ్డారు. మూర్ఛతో పాటు కాసేపు మతి తప్పడం కూడా ఆ లక్షణాల్లో ఉంది. ఎయిమ్స్ పరీక్షల్లో సీసం, నికెల్ కనిపించాయన్నారు, తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్లింది. ఊరంతా ఒకేసారి పడిపోతే ఢిల్లీ నుంచి బృందాలొస్తాయి. ఒక ముసలాయన బీరువా తాళం ఎక్కడ పెట్టాడో మరిచిపోతే కోడలు తప్ప ఎవరూ రారు.

కోరేది పెద్దదేం కాదు. ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూసే ఏఎన్ఎమ్మల కాగితంలో పాత పని గురించి ఒక గడి పెట్టించండి. అనుమానం ఉన్నవాళ్లకు తిరుపతి రుయా ఆస్పత్రిలోనూ, చిత్తూరు ఆస్పత్రిలోనూ రక్తంలో సీసం పరీక్ష ఉచితంగా చేయించండి. పరీక్ష బాగానే వచ్చినా పాత పని రాసే ఉంచమనండి, రక్తం చెప్పేది ఈమధ్యటి కథే గనక. నడవమన్నవాళ్లు నడిచే జాగా కూడా చూపించాలి. ఫుట్‌పాత్ మీద బండ్లు, కింద లారీలు ఉంటే పెద్దవాళ్లు ఇంట్లోనే కూర్చుంటారు.

ఈ కాగితం మీద "తగు చర్య నిమిత్తం" అని రాసి కింది ఆఫీసుకు పంపడం ఆనవాయితీ. అట్లే పంపండి. ఏ ఆఫీసుకు పంపారో మాత్రం ఫోనుకు మెసేజ్ పెట్టించండి. ఎవరికి అర్జీ ఇచ్చామో అర్జీదారుల్లో కొందరు మరిచిపోయే అవకాశం ఉంది.