ఖాళీ గడి

ఆయన అసలు పేరు మా వీధిలో సగం మందికి తెలియదు. తెనాలి స్టేషన్లో దిగి పాలసీ బాబాయి ఇల్లంటే చాలు, ఆటోవాళ్లు సరాసరి గడప ముందు దించేవారు. నాకంటే పదేళ్లు చిన్న. అయినా నేనూ బాబాయి అనే పిలిచేవాణ్ణి.

ఇరవై రెండేళ్లు బీమా ఏజెంటుగా పనిచేశాడు. వీధిలో నలభై గడపలుంటే ముప్పై అయిదింట ఆయన చేయించిన పాలసీలున్నాయి. నావి రెండు.

బాండు వస్తే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, శుక్రవారం చూసి తెచ్చేవాడు. కవరు మీద ఒకవైపు వెంకటేశ్వరస్వామి. ఇంకోవైపు బాబాయి. మధ్యలో ఫోన్ నంబరు. బాండు చేతికందిన పదిహేను రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చని లోపల రాసి ఉండేది. అది చదివినవాళ్లు మా వీధిలో లేరు. కవరుకు పసుపు కుంకుమ పెట్టి బీరువాలో దాచేవాళ్లు.

ఎవరైనా ఏ పాలసీ మంచిదని అడిగితే ఆయన దగ్గర ఒకటే మాట.

"మా ఇంట్లో వండనిది మీ విస్తట్లో వడ్డించను."

2017 దసరా సెలవుల్లో ఒక సాయంత్రం మా ఎదురింటి మాస్టారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. ముప్పై ఏళ్లు. పెళ్లై ఏడాది కాలేదు. పక్కన దిద్దాల్సిన పేపర్ల కట్ట, చేతిలో ఎర్ర పెన్ను. నేను పేపరు కోసం వెళ్లాను. బాబాయి ప్రపోజల్ ఫారంతో వచ్చాడు.

మాస్టారు జేబులోంచి ఒక పేపరు కటింగ్ తీశాడు. ఆదివారం పేజీలోది. టర్మ్ పాలసీల పట్టిక. యాభై లక్షల బీమాకు ఏ వయసువాళ్లు ఏడాదికి ఎంత కట్టాలో వరసగా ఉంది. ముప్పై ఏళ్లకు ఆరు వేల లోపు. నలభైకి పది వేలు దాటింది. యాభైకి ఇరవై వేల దాకా. ముప్పై ఉన్న గడి చుట్టూ మాస్టారు ఎర్ర సిరాతో సున్నా చుట్టాడు.

"బాబాయిగారూ, ఇదెలా ఉంటుంది?"

బాబాయి కటింగ్ అందుకుని కళ్లజోడు సవరించుకున్నాడు. పైనుంచి కిందిదాకా చదివాడు. మళ్లీ చదివాడు.

"టర్మ్ అంటే ఏంటో తెలుసా మాస్టారూ? బతికుంటే పైసా రాదు. పోతేనే డబ్బు."

"బీమా అంటే అదే కదండీ."

"కొత్తగా పెళ్లైనవారు. లోపల ఆ అమ్మాయి వింటుంది. పోయే మాట ఎందుకు ఎత్తుతారు?"

ఆ అమ్మాయి అప్పటికే కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది.

"లెక్క ప్రకారం చూస్తే..." అన్నాడు మాస్టారు.

"లెక్కలు బోర్డు మీద బాగుంటాయి. నేను తెచ్చింది చూడండి. ఏడాదికి 26 వేలు. ఇరవై ఏళ్లు. చివర్లో బోనసుతో సహా మొత్తం చేతికొస్తుంది. మధ్యలో ఏమన్నా అయితే అయిదు లక్షలు. పొదుపుకు పొదుపు, బీమాకు బీమా."

"అక్కడ యాభై లక్షలు ఉందండీ."

"అది కంప్యూటర్లో కొనేది. రేపు ఏదన్నా అవసరం వస్తే కంప్యూటరు మీ ఇంటికొస్తుందా, నేనొస్తానా?"

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆమె కాఫీ గ్లాసుల వైపు చూసింది.

26 వేల ప్రీమియంలో మొదటి ఏడాది ఏజెంటు కమిషన్ అప్పట్లో 35 శాతం దాకా ఉండేది. ఆన్‌లైన్లో కొనే పాలసీకి ఏజెంటే ఉండడు. అరుగు మీద ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు.

మొదటి ప్రీమియంలో రెండు వేలు తనే వేసుకుంటానన్నాడు బాబాయి. కమిషన్లోంచి అలా తిరిగివ్వడం 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం తప్పు. ఆ సెక్షన్ ప్రపోజల్ ఫారం మీదే అచ్చేసి ఉంటుంది. మాస్టారు దాని కిందే సంతకం పెట్టాడు. నా రెండు పాలసీలకూ నేనూ అలాగే పెట్టాను.

బాబాయి లేస్తూ పేపరు కటింగ్‌ను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"దీని సంగతి ఇంటికెళ్లి తీరిగ్గా చదివి చెబుతా."

తర్వాత రెండు మూడుసార్లు మాస్టారు ఆ కాగితం అడిగాడు. చూస్తున్నానన్నాడు బాబాయి. ఆ తర్వాత మాస్టారు అడగడం మానేశాడు.

2019 సెప్టెంబరులో మాస్టారికి డెంగీ వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో ఆరు రోజులున్నాడు. ఏడో రోజు తీసుకొచ్చారు. పిల్లవాడికి అప్పుడు పది నెలలు.

బాబాయి అన్నమాట నిలబెట్టుకున్నాడు. కంప్యూటరు రాలేదు, ఆయనే వచ్చాడు. మునిసిపాలిటీ చుట్టూ తిరిగి మరణ ధ్రువపత్రం తెచ్చాడు. ఆమెతో సంతకాలు పెట్టించాడు. ఫారాలు నన్ను నింపమన్నాడు. పోస్టాఫీసులో రిటైరయ్యాను కనక వీధిలో ఎవరి ఫారమైనా నా దగ్గరికే వస్తుంది. ఏజెంటు పేరు అన్న గడి దగ్గరికి వచ్చేసరికి బాబాయి నా చేతిలోంచి ఫారం తీసుకుని ఆ ఒక్క గడీ తనే నింపాడు. పేరు, కోడ్ నంబరు, కింద స్టాంపు.

పదకొండో రోజున ఆమె ఖాతాలో డబ్బు పడింది. అయిదు లక్షలు, పైన రెండేళ్ల బోనసు. ఆసుపత్రి కోసం చేసిన అప్పు తీరగా మూడు లక్షల చిల్లర మిగిలింది. నెల తిరక్కుండా ఆమె పక్క వీధి స్కూల్లో టీచరుగా చేరింది. పిల్లవాణ్ణి అమ్మమ్మ చూసుకునేది.

వీధి మొదట్లో ఫ్లెక్సీ వెలిసింది. ఒక పక్క మాస్టారి ఫోటో, ఇంకో పక్క చేతులు జోడించిన బాబాయి. మధ్యలో పెద్ద అక్షరాలు: "11 రోజుల్లో క్లెయిము." ఆ నెలలో మా వీధిలో కొత్తగా ఏడు పాలసీలు రాశాడు. ఆమె స్కూలుకు రోజూ దాని కిందినుంచే వెళ్లేది. ఏడాదికి ఎండకీ వానకీ మాస్టారి ఫోటో వెలిసిపోయింది. బాబాయి ఫోటో వెనక వేపచెట్టు ఉండటంతో అది బాగానే ఉంది.

2022 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున వాకింగ్‌కు వెళ్లిన బాబాయి కాలవ గట్టు మీద కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. యాభై అయిదేళ్లు.

పెదకర్మ అయిన మర్నాడు పిన్ని నాకు కబురు పెట్టింది. ఆవిడకు ఏ కాగితం ఎక్కడుందో తెలియదు. కూతురు పెళ్లికుంది. ఇంటి మీద బ్యాంకు లోను ఉంది.

"ఊరందరికీ చేయించారు అన్నయ్యగారూ. ఆయనకేం ఉందో చూడండి."

బీరువా తీశాం. ప్లాస్టిక్ కవర్లలో ఆయన పేరున నాలుగు పాలసీలు దొరికాయి. నాలుగూ మార్చి నెలలోవే. మార్చి ఆఖరున టార్గెట్‌కు ఒకటి తగ్గితే ఏజెంట్లు సొంత పేరున రాసుకోవడం మామూలే. ఒకదానికి అయిదేళ్లు కట్టాడు. మిగతా మూడింటికీ మొదటి ఏడాదితో సరి. ఆ మూడూ ఎప్పుడో రద్దయిపోయాయి. మిగిలినదానికి వచ్చేది లక్షకు లోపే.

పిన్ని మంచం మీద కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం వీధిలో పెద్దలం కూర్చున్నాం. ఊరికంతా గొడుగు పట్టినవాడు తను తడిసిపోయాడన్నారు ఎవరో. అందరూ తలూపారు. తలా కొంత వేసుకుందామన్నారు. నేను పుస్తకం తెచ్చి పేర్లు రాశాను. మూడు రోజుల్లో 43 వేలయింది.

నాలుగో రోజు పొద్దున ఆ డబ్బు పిన్నికి ఇవ్వడానికి వెళ్తుంటే మాస్టారి భార్య ఎదురొచ్చింది. స్కూలుకు వెళ్తూ ఆగింది. చేతిలో నాలుగు అయిదువందల నోట్లు.

"ఆలస్యమైంది మావయ్యగారూ. నిన్ననే జీతం వచ్చింది."

"నువ్వెందుకమ్మా?"

"మాకు పదకొండు రోజుల్లో తెచ్చిపెట్టారు కదండీ. నా చేత్తో ఇస్తాను."

ఇద్దరం కలిసి వెళ్లాం. పిన్ని కళ్లొత్తుకుని డబ్బు తీసుకుంది. తర్వాత లోపలికి వెళ్లి ఒక ఖాకీ కవరు తెచ్చింది. శుభలేఖల కట్ట కింద దొరికిందిట. ఇంగ్లీషులో ఉంది, ఏ లోను కాగితమో చూడమంది.

కవరు మీద వెంకటేశ్వరస్వామి లేడు. బాబాయి లేడు.

లోపల ఒక పాలసీ బాండు. పేరు బాబాయిది. టర్మ్ పాలసీ. యాభై లక్షలు. నామినీ పిన్ని. ప్రీమియం ఏటా బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే కట్టయ్యేలా రాసిచ్చాడు. ఒక్క ఏడూ తప్పలేదు. పాలసీ మొదలైన తేదీ 2017 నవంబరు. మూడేళ్లు దాటిన పాలసీని కంపెనీ ఏ వంకతోనూ ప్రశ్నించడానికి లేదని అదే బీమా చట్టం 45వ సెక్షన్ అంటుంది. దీనికి నాలుగేళ్లు దాటాయి.

పిన్నికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మూడోసారికి కూతురు అందుకుని చెప్పింది. ఇంట్లో ఒక్కసారిగా ఏడుపు లేచింది. ఈసారి ఏడుపు వేరు.

"నా కోసం ఇంత ఆలోచించారా అన్నయ్యగారూ. ఒక్క మాట చెప్పలేదు చూడండి."

క్లెయిము ఫారం కూతురు నెట్లోంచి తీయించుకొచ్చింది. నేను పెన్ను తీశాను. మాస్టారి భార్య వెళ్లబోయి, స్కూలు మొదటి గంటకు ఇంకా టైముందని ఆగింది. నంబర్లు నేను రాస్తుంటే బాండు చూసి చదివి చెబుతానంది.

పాలసీ నంబరు చదివింది. రాశాను. పేరు. పుట్టిన తేదీ. మొత్తం. ఆమె పేజీ తిప్పినప్పుడు బాండులోంచి ఒక కాగితం జారి కింద పడింది. నాలుగు మడతలది. పాత న్యూస్‌పేపరు, అంచులు పసుపెక్కాయి.

ఆమె వంగి తీసింది. మడతలు విప్పింది. నాకూ కనిపించింది.

పట్టికలో రెండు సున్నాలున్నాయి. ముప్పై ఏళ్ల గడి చుట్టూ ఒకటి, పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర సిరాతో. యాభై ఏళ్ల గడి చుట్టూ ఇంకొకటి, రసీదులు రాసే నీలం సిరాతో.

ఆమె ఏమీ అనలేదు. కాగితం ఒళ్లో పెట్టుకుని మళ్లీ బాండు అందుకుంది. నామినీ పేరు చదివింది. చుట్టరికం చదివింది. గొంతులో తేడా లేదు. నేను రాస్తూ పోయాను. బ్యాంకు ఖాతా అయింది. మరణించిన తేదీ అయింది.

ఫారం చివర ఇంకొక్క గడి మిగిలింది. ఏజెంటు పేరు.

"అక్కడేముందమ్మా?"

"డైరెక్ట్ అని ఉందండీ."

"అయితే ఏజెంటు లేడు. ఖాళీగా వదిలెయ్యాలి" అని పెన్ను మూత పెట్టబోయాను.

ఆమె ఒళ్లోని కాగితం తీసి ఫారం పక్కన పెట్టింది.

"వదలకండి మావయ్యగారూ. మావారి పేరు రాయండి."