పెరటి కుక్కుట శాస్త్రం: సామగ్రి ప్రకరణం

కుక్కుట శాస్త్రం పేరుతో తెలుగునాట ప్రచారంలో ఉన్న గ్రంథాలు డేగ, నెమలి, కాకి వంటి ఈకల రంగులను బట్టి, వారాన్ని బట్టి ఏ పుంజు పందెంలో గెలుస్తుందో విపులంగా చెబుతాయి గాని, ఆ పుంజు రాత్రిపూట పడుకునే గూటికి గొళ్లెం ఎలా ఉండాలో చెప్పవు. ఈ లోటును పూరించడానికి పెరట్లో నాలుగు కోళ్లు, ఇంట్లో ఒక డ్రిల్లింగ్ మిషను ఉన్న గృహస్థులు స్వయంగా పూనుకుంటున్నందున, వారి ఆచారాలను సూత్రబద్ధం చేయవలసి వచ్చింది. వాటన్నిటికీ మూలసూత్రం ఒక్కటే: సామగ్రిని కోడి కోసం గాక, ఆదివారం చూడవచ్చే చుట్టాల కోసం తయారు చేయాలి.

గూటికి ఆరు పలకల కన్నులున్న పలుచని కోళ్ల వల ప్రశస్తమైనది. అది కోడిని లోపల ఉంచగలదే గాని కుక్క పంటిని ఆపలేదు, పామును అంతకన్నా ఆపలేదు. అరంగుళం కన్నుల వెల్డ్ మెష్, అనగా తీగలను అడ్డంగా, నిలువుగా అతికించిన గట్టి వల, ఖరీదైనది గనుక ముంగిస ఒకసారి వచ్చి వెళ్లిన తరువాతనే దానిని కొనడం సంప్రదాయం. గాలి వచ్చే సందులన్నిటినీ టార్పాలిన్‌తో మూసివేస్తే, తడిసిన రెట్టలోంచి పుట్టే అమ్మోనియా అనే ఘాటు వాయువు లోపలే పదిలంగా ఉంటుంది. పొద్దున తలుపు తీసినవారి కళ్ల వెంట నీళ్లు కారితే పనితనం కుదిరినట్టే. కోళ్లు ఎక్కి కూర్చునే అడ్డకర్రను గుడ్లు పెట్టే పెట్టె కంటే కిందనే అమర్చాలి. కోడి దొరికినంతలో ఎత్తైన చోటును వెతుక్కుని నిద్రపోతుంది గనుక, పెట్టెలోనే పడుకుని మరునాటి గుడ్డుకు రెట్ట పూత పూసి ఇస్తుంది.

నీటి పాత్ర కోసం ప్లాస్టిక్ డబ్బాకు కిందివైపున రంధ్రం చేసి, నీరు నింపి, మూత బిగించి పళ్లెంలో నిలబెడతారు. పళ్లెంలోని నీరు రంధ్రాన్ని కప్పగానే డబ్బాలోకి గాలి వెళ్లడం ఆగి, నీరు దిగడమూ ఆగుతుంది. ఈ సూత్రం పనిచేయాలంటే రంధ్రం పళ్లెం అంచు కంటే దిగువన ఉండాలి. దానిని వేలెడు పైన చేసిన నిర్మాత డబ్బా మొత్తం ఖాళీ అయ్యేదాకా కూర్చుని చూడవచ్చు. ఆ నీటితో కింద పరచిన వరిపొట్టు తడిసి, కోడిపిల్లలకు కాక్సిడియోసిస్, అనగా నెత్తురు విరేచనాల జబ్బు, సోకడానికి అనువైన నేల సిద్ధమవుతుంది.

ఈ శాస్త్రంలో ఉత్తమోత్తమమైనది ఇంక్యుబేటర్, అనగా గుడ్లను పొదిగే యంత్రం. థర్మోకోల్ పెట్టె, బల్బు, చిన్న ఫ్యాను, వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ ఉంటే ఇది సిద్ధమవుతుంది. లోపల సుమారు 37.5 డిగ్రీల సెల్సియస్ వేడి నిలకడగా ఉండాలి. 18వ రోజు వరకు గుడ్లను రోజూ పలుమార్లు తిప్పుతూ ఉండాలి. చివరి మూడు రోజులు తిప్పడం మాని తేమ పెంచాలి. వీటిలో మొదటి నియమాన్ని కరెంటు కోతకు, రెండవదాన్ని జ్ఞాపకశక్తికి, మూడవదాన్ని భగవంతునికి విడిచిపెట్టడం వాడుక. ఇక గుడ్లను కిరాణా కొట్టులోనే కొనాలి. వాణిజ్య ఫారాలలో గుడ్ల కోళ్లను పుంజులు లేకుండానే పెంచుతారు గనుక ఆ గుడ్లలో పిండం ఉండదు. ఏడవ రోజున చీకట్లో టార్చి ముందు పట్టి చూస్తే, ఎర్రని నరాలు కనిపించవలసిన చోట గుడ్డు నిర్మలంగా, వేదాంతి మనస్సులాగా వెలుగుతుంది.

పూర్వపక్షంగా ఒక నాటు పెట్టను పేర్కొనవలసి ఉంది. పొదుగుకు వచ్చిన పెట్టను గడ్డి పరచిన గంపలో గుడ్ల మీద కూర్చోబెడితే అది వేడి, తేమ, తిప్పడం మూడింటినీ తానే చూసుకుని, 21వ రోజుకు పిల్లలను లేపి, వాటిని రెక్కల కింద కాచుకుంటుంది. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు పొదుగుకు కూర్చోవడం అరుదు గనుక అక్కడ యంత్రానికి నిజమైన అవసరం ఉంది గాని, ఆ గుడ్లను సైతం నాటు పెట్ట కింద పెట్టవచ్చు. అయితే పెట్టకు వైరింగు ఉండదు గనుక చుట్టాలకు చూపించడానికి ఏమీ మిగలదు.

ఎంతటి నిపుణుడైనా ఇంట్లో తయారు చేయలేనిది టీకా ఒక్కటే. రాణిఖేత్, అనగా పల్లెల్లో కొక్కెర తెగులు అని పిలిచే వ్యాధి, ఒకసారి సోకితే దానికి మందు లేదు. వెల్డ్ మెష్ దానిని ఆపదు, థర్మోస్టాట్ దానిని కనిపెట్టదు. పిల్లలకు మొదటి వారంలోనే కంట్లోనో ముక్కులోనో వేసే లసోటా చుక్క కోసం, మంచుగడ్డలు వేసిన ఫ్లాస్కు పట్టుకుని పశువైద్యశాలకు వెళ్లవలసిందే. డ్రిల్లింగ్ మిషను కొనడానికి ముందు ఆ పని చేసినవారి పెరట్లోనే కోళ్లు మిగులుతాయి.