డిక్రీ నకలు

మా పిన్ని బీరువాలో ఒక ఫైలుంది. విడాకుల డిక్రీ సర్టిఫైడ్ కాపీ, పేరు మార్పు అఫిడవిట్, పత్రికల్లో వేయించిన ప్రకటనల కత్తిరింపులు, చంచల్‌గూడ ప్రభుత్వ ముద్రణాలయం అచ్చువేసిన గెజిట్ ప్రతి, అన్నీ అందులోనే. ఇల్లు మారినప్పుడల్లా నగలకంటే ముందు ఆ ఫైలు సర్దుకుంటుంది.

ఆవిడ టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు. పెళ్లయ్యాక రేషన్ కార్డులో, బ్యాంకులో, కూతురి జనన ధ్రువపత్రంలో అత్తింటి ఇంటిపేరు. విడాకుల తర్వాత మళ్లీ పుట్టింటి పేరుకే వచ్చింది. అమెరికాలో పౌరసత్వం తీసుకున్న కూతురు తల్లి గ్రీన్‌కార్డు కోసం పిటిషన్ వేసినప్పుడు, జనన ధ్రువపత్రంలో ఉన్న తల్లీ పాస్‌పోర్టులో ఉన్న ఈవిడా ఒకరేనని రుజువు చేయాల్సి వచ్చింది. డిక్రీ నకలుకి కోర్టుకెళ్తే ఓ.పి. నంబరు లేనిదే పాత కట్ట వెతకలేమన్నారు. అప్పటి ప్లీడరుగారు ఏనాడో పోయారు. ఆయన గుమస్తా పాత డైరీలు తిరగేసి నంబరు చెప్పబట్టి సరిపోయింది.

ఇన్నేళ్లలో ఆ మాజీ భర్తని మాత్రం ఎవరూ ఒక్క కాగితం అడగలేదు. పెళ్లికి ముందు ఏ పేరో, విడాకుల తర్వాతా అదే పేరు. నా కోపమంతా ఇక్కడే. పెళ్లైన స్త్రీ మళ్లీ తన పుట్టింటి పేరు తాను పెట్టుకోవాలంటే డిక్రీ అయినా చూపాలి, లేదా భర్త నుంచి నిరభ్యంతర పత్రమైనా తేవాలి అన్న కేంద్ర గెజిట్ నిబంధనను సవాలు చేస్తూ ఒక మహిళ 2024లో ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. మన పేరుకి వాళ్ల అనుమతా?

అసలు పిన్ని విడాకులు కోర్టుదాకా వెళ్లకూడదనే అందరూ అన్నారు. 1996 వేసవిలో పెద్దమనుషులు కూర్చుని స్టాంపు కాగితం మీద తెగతెంపులు రాయించారు. రెండు వైపులా సంతకాలయ్యాయి. "ఇంక దేనికమ్మా కోర్టు, పరువు తక్కువ" అన్నారు. కులాచారంగా విడాకులు ఉన్నట్టు రుజువైతే తప్ప ఆ కాగితం చట్టం ముందు నిలవదని ఆవిడకి ప్లీడరుగారు చెప్పారు. పట్టుబట్టి సబ్‌కోర్టులో ఉమ్మడి పిటిషన్ వేయించింది. భర్తా వచ్చి సంతకం పెట్టాడు. పరస్పర అంగీకారం ఉన్నా హిందూ వివాహ చట్టం ప్రకారం ఆరు నెలలు ఆగాలి. అవసరాన్ని బట్టి ఆ గడువును కోర్టులు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది 2017లో. అప్పటికి ఆ తీర్పు లేదు. పిన్ని ఆగింది. నవంబరులో డిక్రీ వచ్చింది.

మొన్నామధ్య ఆ మాజీ భర్త పోయాడు. ప్రభుత్వ బడిలో టీచరుగా చేసి రిటైరైనవాడు. నెల తిరక్కుండానే ఆయన రెండో భార్య పిన్ని గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, ఫ్యామిలీ పెన్షన్‌కి పెట్టుకుంటే మొదటి పెళ్లి రద్దయినట్టు కాగితం తెమ్మంటున్నారు. ఇంట్లో ఎక్కడా లేదు" అంది.

పిన్ని కూర్చోమని మంచినీళ్లిచ్చింది. ఆయన పక్షవాతంతో మంచాన పడితే నాలుగేళ్లు సేవ చేసింది ఈవిడేనని పిన్నికి తెలుసు. ఫైలు తీసి నకలు చేతిలో పెట్టింది. "ఇరవై ఎనిమిదేళ్లు కాపురం చేశావు. నీ హక్కు నువ్వు తీసుకోమ్మా" అంది. ఆ మాట అనడానికి ఎంత మనసు కావాలో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

వాళ్ల పెళ్లి రిజిస్టర్ కాలేదు. రుజువుగా శుభలేఖ, అన్నవరం కొండ మీద తీయించుకున్న ఫోటో దరఖాస్తుకి జతచేసింది. ఇప్పుడు వాటి పక్కన డిక్రీ చేరింది.

రెండు నెలలకి జవాబొచ్చింది. మొదటి భార్య విడాకులు పొందింది కాబట్టి పెన్షన్ రాదు. రెండో ఆవిడ కొడుక్కి పాతికేళ్లు దాటాయి కాబట్టి అతనికీ రాదు. రెండో ఆవిడ చట్టప్రకారం భార్యే కాదు, ఆవిడకీ రాదు. ఆధారం, పిన్ని ఇచ్చిన నకలు.

పెద్దమనుషుల కాగితం చాలనుకున్నాడు ఆయన. డిక్రీ మీద తేదీ 1996 నవంబరు. శుభలేఖ మీద ముహూర్తం 1996 ఆగస్టు.