గెజిట్‌కెక్కిన గసగసాలు

తల్లిదండ్రులు లేని పిల్లల్ని మన ప్రభుత్వాలు పట్టించుకోవని అనేవాళ్లు 2016 సెప్టెంబరులో కేంద్రం గెజిట్‌లో వేసిన బాలన్యాయ నమూనా నియమాలు చదివి ఉండరు. సంరక్షణ గృహాల్లో పిల్లలకు ఏం వండిపెట్టాలో అందులో ఒక పట్టిక ఉంది. తలకు రోజుకు బియ్యమో గోధుమలో రాగులో జొన్నలో కలిపి 600 గ్రాములు, పదహారేళ్లు నిండితే 700. పప్పు 120 గ్రాములు, నూనె 25, ఉల్లిపాయ 25, పసుపు 5, వెల్లుల్లి 5, చింతపండు 5. పొద్దున పాలు 150 మిల్లీలీటర్లు. యాభై మందికి కలిపి రోజుకు ఆవాలు 50 గ్రాములు, జీలకర్ర 25. కోడికూర వండే రోజైతే పది కిలోల మాంసానికి గరం మసాలా 10 గ్రాములు, ఎండుకొబ్బరి 150, గసగసాలు మరో 150. పోపు దినుసులకు సైతం చట్టబద్ధత కల్పించిన ఘనత మనది. కొత్త కోడలికి వంట నేర్పే అత్తగారు కూడా చిటికెడు, గుప్పెడు అని వదిలేస్తుంది గానీ ఇంత నిక్కచ్చిగా చెప్పదు.

కట్టడం సంగతీ అంతే. యాభై మంది పిల్లలుండే హోమ్‌కు 8,495 చదరపు అడుగులు కావాలని తేల్చారు. ఎనిమిదిన్నర వేలని గుండుగుత్తగా రాసి చేతులు దులుపుకోలేదు, గమనించండి. పడుకోవడానికి ఒక్కొక్కరికి 40 చదరపు అడుగులు, లైబ్రరీకి 500, కౌన్సెలింగ్ గదికి 120. ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానాల గది. నేల జారకూడదు, వంటింట్లోకి ఈగ దూరకూడదు. ఇవన్నీ మంచి మాటలే, ఒక్కటి కూడా కొట్టిపారేయదగ్గది కాదు. తర్వాత డబ్బు దగ్గరికొస్తే, మిషన్ వాత్సల్య పథకం కింద హోమ్‌లో ఉన్న ఒక్కో బిడ్డ పోషణకు నెలకు 3,000 రూపాయలు. అంటే రోజుకు నూరు. గసగసాలు కిలో ఎంతో తెలిసి, సంచీ పట్టుకుని కిరాణా కొట్టుకు వెళ్లే అలవాటున్న వాళ్లకు మిగతా లెక్క నేను చెప్పక్కర్లేదు.

కొలతలు పెట్టడమే తప్పని నా వాదన కాదు. కొలత లేకపోతే నీళ్లలో పసుపు కలిపి పప్పంటారు. 120 గ్రాములని రాసి ఉంటేనే 60 వేసినవాణ్ని నిలదీయగలం, నిజమే. నా తగువల్లా ఆ నిలదీసేది ఎవరన్న దగ్గరే. 120 అని సూపరింటెండెంటుకు తెలుసు, సరుకులు తూచే స్టోర్ కీపరుకు తెలుసు, ఏడాదికోసారి వచ్చే ఆడిటరుకు తెలుసు. కంచం ముందు కూర్చున్నవాడికి తెలీదు. తక్కెడలోకి ఎక్కేవన్నీ నియమాల్లోకి ఎక్కాయి. తక్కెడకు అందని వస్తువు ఒకటుంది, రాత్రి లైట్లు ఆర్పాక పిల్లకు కలిగే భయం. దానికోసం మాత్రం ఒక పెట్టె పెట్టారు.

ఆ పెట్టె గురించి కొంచెం విస్తరంగానే చెప్పుకోవాలి. పేరు పిల్లల సూచనల పెట్టె. ఆఫీసుకు దూరంగా, పిల్లల పడకగదులకు దగ్గరగా, వాళ్ల చేతికందేలా ఉండాలని నియమం. ఇది రాసినవాళ్లు పిల్లల్ని ఎరిగినవాళ్లే. తాళంచెవి మాత్రం యాజమాన్య కమిటీ అధ్యక్షుడి దగ్గర ఉండాలి. వారానికోసారి ఆయనో ఆయన పంపినవారో వచ్చి, పిల్లల కమిటీ సభ్యుల ఎదుట తెరవాలి. ఆ అధ్యక్షుడు జిల్లా బాలల పరిరక్షణ అధికారి. అదే కమిటీకి సభ్య కార్యదర్శి ఎవరయ్యా అంటే, హోమ్ ఇన్‌చార్జి. అంటే ఇన్‌చార్జి కొట్టాడని పిల్లవాడు చీటీ రాసి వేస్తే, ఆ చీటీ మీద చర్చకు సమావేశం ఏర్పాటు చేసి మినిట్స్ రాయాల్సింది ఇన్‌చార్జి గారే. ఆయన దస్తూరీ బాగుంటుందని ఆశిద్దాం. ఇక అక్షరాలు రాని ఆరేళ్ల పిల్ల ఆ పెట్టెలో ఏం వేయాలో నియమాలు చెప్పలేదు.

తనిఖీలు లేవా అంటారు. ఎందుకు లేవు, కావాల్సినన్ని ఉన్నాయి. 2015 చట్టం ప్రకారం తనిఖీ కమిటీ మూడు నెలలకోసారైనా రావాలి. ముగ్గురికి తక్కువ కాకూడదు, అందులో ఒక మహిళ, ఒక డాక్టరు ఉండాలి, వారంలోగా నివేదిక ఇవ్వాలి. బాలల సంక్షేమ సమితి నెలకు రెండుసార్లు హోమ్‌లు చూసి రావాలి. ఇంతమంది వచ్చిపోయే చోట తప్పు జరగడం అసాధ్యమని కాగితం మీద ఎవరైనా నిరూపించగలరు. బీహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల గృహానికి కూడా ఈ చట్టమే వర్తించింది. అక్కడ జరుగుతున్న లైంగిక హింస బయటపడింది మాత్రం ఈ తనిఖీల వల్ల కాదు. టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు చెందిన బృందం ఆ రాష్ట్రంలో 110 సంస్థల్లో సోషల్ ఆడిట్ చేసి 2018లో నివేదిక ఇచ్చాకే బయటపడింది. వాళ్ల దగ్గర అద్భుతమైన యంత్రాలేవీ లేవు. పిల్లల దగ్గర కూర్చుని మాట్లాడారు, అంతే. 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. వాళ్లలో జిల్లా బాలల పరిరక్షణ విభాగం అధికారి ఉన్నాడు, బాలల సంక్షేమ సమితి సభ్యుడూ ఉన్నాడు. తాళంచెవి ఏ ఆఫీసుకు అప్పగించమని నియమం చెబుతోందో, మొదటివాడు ఆ ఆఫీసు మనిషే.

పిల్లల మాటకేం విలువ, ఎవరో నేర్పి పంపితే ఏదైనా చెబుతారు, దాతలు బెదిరిపోతారు అనే అభ్యంతరం ఒకటి తరచూ వినిపిస్తుంది. పిల్లలు అబద్ధం చెప్పగలరు. రిజిస్టరు కూడా చెప్పగలదు. తేడా ఏమిటంటే, పిల్ల మాటను కోర్టులో గంటల తరబడి ప్రశ్నించి నిగ్గు తేలుస్తారు, రిజిస్టరును సంతకం పెట్టి మూసేస్తారు. ముజఫర్‌పూర్ కేసులో ఆ పరీక్షకు నిలబడ్డది పిల్లల మాటే.

రిజిస్టరు అసలే లేని హోమ్‌లకు ఈ బాదరబందీ కూడా లేదు. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ దేశం మొత్తం మీద 9,589 సంస్థల వివరాలు సేకరించి 2018లో నివేదిక ఇస్తే, బాలన్యాయ చట్టం కింద నమోదైనవి 32 శాతమే అని తేలింది. 2017 ఆఖరుకల్లా అన్నీ నమోదు కావాలని సుప్రీంకోర్టు అంతకుముందే గడువు పెట్టింది. నమోదు చేయించుకోకపోతే ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. అయినా 2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో, అనుమతి లేకుండా నడుస్తున్న ఆశ్రమంలో సమోసాలు తిన్న పిల్లలు వాంతులు, విరేచనాలతో పడిపోయి, ముగ్గురు చనిపోయాక గానీ అది అనుమతి లేని చోటని తెలిసిరాలేదు. అక్కడ ఆవాలు ఎన్ని గ్రాములు వాడారో ఎవరూ అడగలేదు.

అసలు హోమ్‌లే ఎందుకు, కుటుంబాలకు అప్పగించవచ్చు కదా అన్నది ఇంకాస్త బరువైన ప్రశ్న. చట్టం మాటా అదే. సంస్థలో పెట్టడం ఆఖరి మార్గం కావాలంటుంది. ఫోస్టర్ కేర్‌కు తీసుకునే కుటుంబానికి నెలకు 4,000 ఇస్తామని మిషన్ వాత్సల్య పథకం అంటుంది. 2024లో మార్గదర్శకాలు సడలించి 35 నుంచి 60 ఏళ్ల లోపు ఒంటరి వ్యక్తులకూ అవకాశమిచ్చారు. ఆ ఇళ్లను నెలనెలా తనిఖీ చేయాలని కూడా చట్టంలో ఉంది. దారి మంచిదే. అయితే నెలనెలా వచ్చేవారు హాల్లో కూర్చుని, పెంచుతున్నవాళ్లు ఇచ్చిన కాఫీ తాగుతూ, వాళ్ల ఎదుటే ‘బాగున్నావా అమ్మా’ అని అడిగి టిక్కు పెట్టుకుని వెళితే, ఆ పిల్లకు సూచనల పెట్టె కూడా లేదు, పక్క మంచం మీద తోటి పిల్లా లేదు.

చేయాల్సింది గంపెడంత లేదు. పిల్లల కమిటీ చేతిలో రెండో తాళంచెవి ఉండాలి. భోజనం పట్టిక తెలుగులో, పెద్దక్షరాల్లో, గోడమీద ఉండాలి. ఇన్‌చార్జి సభ్య కార్యదర్శి పదవి వదులుకోవాలి. జిల్లా బాలల పరిరక్షణ ఆఫీసుతో సంబంధం లేని మనిషి, బడిలో పాఠం చెప్పే టీచరో ఊళ్లో తిరిగే ఏఎన్‌ఎమ్మో, నెలకోసారి ఒక్కో బిడ్డతో విడిగా మాట్లాడి, విన్నది నేరుగా జిల్లా జడ్జికి పంపాలి. ఇలాగైతే నిజాయితీగా పనిచేసే సూపరింటెండెంట్లను అవమానించినట్టే అంటారు. అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు, రోజుకు నూరు రూపాయలతో హోమ్ నెట్టుకొస్తున్న వాళ్లను నిజంగానే మెచ్చుకోవాలి. బయటి మనిషి వినిపోతే వాళ్లకొచ్చే నష్టమేమీ లేదు. మరీ నొచ్చుకున్నవారెవరైనా ఉంటే 120 చదరపు అడుగుల కౌన్సెలింగ్ గది ఎలాగూ ఖాళీగానే ఉంటుంది, వాళ్లే వాడుకోవచ్చు.