వజనున్న పెన్ను

పెన్ను గొప్పతనాన్ని గ్రాముల్లో తూచే కాలం వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల పక్కనున్న ఏ స్టేషనరీ దుకాణానికైనా వెళ్ళి ఇంకు పెన్ను అడిగి చూడండి. ప్లాస్టిక్‌ది అడిగితే గల్లాపెట్టె పక్కనున్న డబ్బాలోంచి ఒకటి తీసి అలా పడేస్తాడు. మెటల్‌ది అడిగితే మటుకు కూర్చున్నవాడు లేస్తాడు. అద్దాల బీరువా తెరిచి, లోపల మఖ్మల్ పరిచిన నల్ల పెట్టె తెచ్చి, మూత ఎత్తి మన ముందు పెడతాడు. ఎలా రాస్తుందో చెప్పడు. ఇంకు ఎంత పడుతుందో చెప్పడు. "చేతిల పట్టి చూడుండ్రి సార్, ఎంత వజనున్నదో!" అంటాడు. మనమూ పట్టి చూస్తాం. అరచేతిలో రెండుసార్లు ఎగరేసి గంభీరంగా తలూపుతాం. మూడొందలకో నాలుగొందలకో ఇంత వజను! బేరం అక్కడితో ముగుస్తుంది. రాసి చూడటానికి ఒక కాగితం ముక్క ఇమ్మని అడిగినవాణ్ణి దుకాణదారు వింతగా చూస్తాడు.

ఆ వజను ఇత్తడిది. చవక మెటల్ పెన్నుల ఒళ్ళు సాధారణంగా ఇత్తడి గొట్టం, పైన రంగు పూతో క్రోమియం పూతో. ఇత్తడి లేత్ మీద తేలిగ్గా తెగుతుంది, అందుకని దాన్ని వాడతారు. అది నీళ్ళకంటే ఎనిమిది రెట్లకు పైగా బరువు. మూతతో కలిపి ముప్పై అయిదు, నలభై గ్రాములు తూగే పెన్నులున్నాయి. అంత వజను ఎంత సుఖమో దుకాణంలో తెలీదు, మూడో పేజీ దగ్గర మణికట్టుకు తెలుస్తుంది. మూత పోతుందని వెనక తగిలించుకుని రాసేవాడికైతే పెన్ను వెనక్కి వాలుతుంటుంది, వేళ్ళు దాన్ని ముందుకు వంచుతుంటాయి, మధ్యలో వాక్యం నలుగుతుంది. మే నెలలో చెమట పట్టిన వేళ్ళ కింద క్రోమియం జారడం వేరే ముచ్చట.

ఇంకు పెన్నుకున్న అసలు సుగుణం ఏమిటంటే, దాన్ని నొక్కక్కర్లేదు. పాళీ చీలికలోంచీ నాలుక గాడిలోంచీ ఇంకు తనంతట తనే దిగుతుంది. మొన కాగితాన్ని తాకితే చాలు. బలమూ బరువూ అక్కర్లేకుండా రాసే పనిముట్టు కోసం పూర్వులు శతాబ్దాల పాటు తంటాలు పడ్డారు. అది చేతికొచ్చాక మనం దానికి ఇత్తడి తగిలించి మురిసిపోతున్నాం.

వజను తరవాత ముద్రలు. పాళీ మీద వంకీల నగిషీ మధ్యన 18కేజీపీ అని ఉంటుంది. కొన్నవాడు మొదటి మూడక్షరాలు చదివి ఆగిపోతాడు. "పద్దెనిమిది క్యారెట్ల బంగారం పాళీ" అని ఇంటికొచ్చి భార్యకి చెబుతాడు. ఆవిడకి బంగారం సంగతి తెలుసు కాబట్టి ధర ఎంతని ఒక్కటే అడుగుతుంది. పద్దెనిమిది క్యారెట్లంటే ముప్పాతిక వంతు మేలిమి. నాలుగొందలకి అది పాళీగా కాదు కదా, పాళీ మొన అంత కూడా రాదు. ఆ చివరి రెండక్షరాలు పూతని చెప్పేవి. లోపలున్నది ఉక్కు. ఉక్కు పాళీ బాగానే రాస్తుంది, దాన్ని నేను తప్పు పట్టడం లేదు. కానీ ఉక్కుని ఉక్కని చెప్పి అమ్మితే మఖ్మల్ పెట్టె వృథా అయిపోదూ?

ఇంకొన్ని పాళీల మీద ఇరిడియం పాయింట్, జర్మనీ అని చెక్కి ఉంటుంది. చైనా చవక పెన్నుల మీద ఈ జర్మనీ ముద్ర పెన్నుల లోకంలో పాత జోకు. పైగా ఈ కాలం పాళీ మొనల్లో ఇరిడియం ఉండటం అరుదు. టంగ్‌స్టన్, రుథీనియం లాంటి వేరే గట్టి లోహాల మిశ్రమాలు వాడతారు. కాబట్టి ఆ ముద్రలో ఇరిడియం నమ్మకం లేదు, జర్మనీ నమ్మకం లేదు. పాయింట్ ఒక్కటే నిజం.

మెటల్ పెన్నంటే మనకేదో కొత్త నాగరికత అబ్బినట్టు మాట్లాడేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. తెలుగువాడి మొదటి కలమే లోహం. ఇనుప గంటం. తాటాకు మీద గీయాలంటే మొన గట్టిగా ఉండాలి, అందుకని ఇనుము. గీసిన అక్షరాలు కనబడటానికి మసి పూసేవారు. అన్నమయ్య సంకీర్తనలని రాగి రేకుల మీద చెక్కించి తిరుమలలో దాచారు, తాటాకుని పురుగు తింటుంది, రాగిని తినదు కాబట్టి. వాళ్ళు లోహాన్ని వాడిన రెండు చోట్లా దానికో పనుంది. మన పెన్ను ఒంటిమీది ఇత్తడికి ఏం పనుంది? రాసేది పాళీ, ఇంకు మోసేది లోపలి ప్లాస్టిక్ గొట్టం. ఇత్తడి ఊరికే వెంట వస్తుంది, పెళ్ళివారితో వచ్చిన దూరపు బంధువులాగ.

వెంట వస్తే వచ్చింది, కడుపు కూడా మాడుస్తుంది. ఇంకు తగిలితే ఇత్తడి చెడుతుంది. అందుకని మెటల్ పెన్ను ఒంట్లో నేరుగా ఇంకు పొయ్యకూడదు. లోపల కన్వర్టరని ఒక సన్న గొట్టం పెడతారు. అందులో పట్టేది ఒక మిల్లీలీటరు కూడా ఉండదు. మన రాజమండ్రి పెన్నులు చూడండి. రత్నం గారు 1932లో మొదలెట్టినవి. విదేశీ పెన్నులకి బదులుగా ఇవి పనికొస్తాయని 1935లో వార్ధా నుంచి గాంధీ రాసిచ్చారు. ఆ పెన్నులు పేరుపడ్డది ఎబొనైట్‌తో, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరుతో. తేలిక. చేతికి చల్లగా తగలదు. ఇంకుకి చెడదు. ఫిల్లరుతో గొట్టం నిండా పోసుకుంటే కన్వర్టరుకి మూడు నాలుగింతలు పడుతుంది. గాంధీకి పంపిన పెన్నులో వజను లేదని ఆయన తిప్పి పంపలేదు. ఆయనకి బోలెడు ఉత్తరాలు రాసే పనుండేది మరి.

దస్తూరీ బాగుపడుతుందన్నది ఇంకో వాదన. ఇది పాత బడి పంతుళ్ళ ఆస్తి. బాల్‌పెన్ను పట్టుకుంటే గుండ్రటి అక్షరం కోడిగెలుకుడవుతుందని చెయ్యి చాపించి స్కేలుతో కొట్టేవారు. ఇంకు పెన్ను కక్కితే సుద్దముక్కతో అద్దుకోవడం, పక్కవాడి దగ్గర నాలుగు చుక్కలు అప్పు తీసుకుని మర్నాడు బాకీ ఎగ్గొట్టడం, చొక్కా జేబు కింద నీలి మచ్చ, ఇవన్నీ విద్యలో భాగం. అదే బాల్‌పెన్ను 1945 అక్టోబరులో న్యూయార్క్ గింబెల్స్ దుకాణంలోకి వచ్చినప్పుడు పన్నెండున్నర డాలర్లు, అప్పట్లో అది విలాసం. జనం ఎగబడి కొన్నారు. పాతికేళ్ళు తిరక్కుండా అది రేషన్ సరుకంత మామూలైంది, దాంతో ఇంకు పెన్నుకి పరువొచ్చింది. పరువు అనేది వస్తువుని వదిలి ఎదుటి వస్తువు మీదకి దూకుతూ ఉంటుంది, అక్షరం మాత్రం మారదు. నాలుగొందల ఉక్కు పాళీ మొన గుండ్రంగా ఉంటుంది. ఎటు తిప్పినా ఒకే మందం గీత. నగిషీ రాతల్లో కనిపించే లావు సన్నాలు పలకలాంటి మొన నుంచో, ఒత్తితే విచ్చుకునే మెత్తటి పాళీ నుంచో వస్తాయి. ఇత్తడి ఒళ్ళు వాటిని ఇవ్వదు. దస్తూరీ బాగుపడాలంటే కాపీరాత రాయాలి. అది ఉచితం కాబట్టి ఎవరూ నమ్మరు.

నోటుబుక్కు కాగితం సంగతి ఎవరూ చెప్పరు. మామూలు నోటుబుక్కులో ఇంకు పాకుతుంది, వెనక పేజీలో మన రాత అద్దంలో చూసినట్టు తేలుతుంది. అప్పుడు పెన్ను రసికుడు మందపాటి కాగితం కొంటాడు. దాని ధర పెన్నుకంటే ఎక్కువ. అంత ఖరీదు కాగితం మీద పాలచీటీ రాయడానికి మనసొప్పదు. పుస్తకాన్ని బీరువాలో పెడతాడు. పెన్ను కూడా.

ఇక పెన్నుని జేబుకి తగిలించుకునే వాళ్ళ కోసం హైదరాబాద్ శివార్లలోని మన బాలాపూర్‌కి వద్దాం. నాదర్‌గుల్ దాకా, అల్మాస్‌గూడ దాకా ప్లాట్లే ప్లాట్లు. తెల్ల చొక్కా, జేబులో మెరిసే క్లిప్పు. వెంచర్ చూపించేవాడికి ఆ క్లిప్పు లేకపోతే గజం ధర అయిదొందలు తగ్గుతుందని నాకు గట్టి అనుమానం. ఒకాయన్ని అడ్వాన్సు రసీదు రాయడానికి ఆ పెన్ను ఓసారి ఇమ్మన్నాను. ఆయన పాపం వేరే జేబులోంచి అయిదు రూపాయల బాల్‌పెన్ను తీసి ఇచ్చాడు. "అందుల ఇంకు పొయ్యలేదు సార్. పోస్తే అంగి ఖరాబైతది." మరెందుకన్నా అది? "పార్టీ ముంగట కూసున్నప్పుడు ఉండాలె గద సార్, వజన్!" నాకు నచ్చిన సంగతేమిటంటే ఆయన దగ్గర దాపరికం లేదు. పెన్నుల చరిత్రలో ప్రసిద్ధుడైన వాటర్‌మన్ కూడా ఇలా పార్టీల ముందు కూర్చునే మనిషే, బీమా ఏజెంటు. పెద్ద పాలసీ మీద పెన్ను ఇంకు కక్కి బేరం చెడిందనీ, ఆ కోపంతో ఇంకు కక్కని పెన్ను కనిపెట్టి 1884లో పేటెంటు తెచ్చుకున్నాడనీ కథ. పేటెంటు నిజం, కక్కిన కథ ప్రచారం కోసం అల్లింది. అమెరికా ఏజెంటు పెన్ను కారకుండా యంత్రం మార్చాడు. మనవాడు ఇంకే పొయ్యడం మానేశాడు. ఖర్చు లేని ఆవిష్కరణ మనదే.

నిజానికి వజనుకి విలువ కట్టడం బాలాపూర్ జనానికి ఒకరు నేర్పాలా? ఇక్కడి గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలకి చేరింది. లడ్డూ 21 కిలోలు. అంటే గ్రాము నూట అరవై ఆరు రూపాయల పైచిలుకు. పెన్ను ముప్పై అయిదు గ్రాములు, మూడువందల యాభై రూపాయలు, గ్రాము పది. వజను లెక్కనే చూస్తే లడ్డూ ముందు పెన్ను దివాళా. పైగా లడ్డూ పాడుకున్నవాడు పది ఇళ్ళకి పంచుతాడు, పొలంలో చల్లుకుంటాడు, డబ్బు ఊరి పనులకి పోతుంది. దాన్ని నమ్మినా నమ్మకపోయినా ఎంతకి పోయిందో, ఎవరు పాడారో నలుగురి ముందు మైకులో చెబుతారు. పెన్ను పెట్టె మీద రాసే 'మీ వ్యక్తిత్వానికి ప్రతీక' అన్న మాటకి అలాంటి వేలం పెడితే మొదటి పాట ఎవరు పాడతారో చూడాలని ఉంది. వ్యక్తిత్వం విడిగా, పెట్టె విడిగా.

వీటన్నిటికంటే నాకు జాలేసేది గ్రూప్స్ రాసే పిల్లల్ని చూస్తే. చైతన్యపురి హాస్టల్లో నలుగురితో గది పంచుకుని మూడేళ్ళుగా చదివే అబ్బాయికి ఊళ్ళో మేనమామ ప్రేమతో ఓ మెటల్ పెన్ను కొంటాడు. దుకాణంలోనే లేజరుతో పేరు చెక్కిస్తాడు, పేరు చివర 'డిప్యూటీ కలెక్టర్' అని కూడా వేయించమంటాడు. గుళ్ళో స్వామి పాదాల దగ్గర పెట్టించి, పరీక్ష దీనితోనే రాయాలని ఒట్టు వేయిస్తాడు. ప్రిలిమ్స్‌లో ఇచ్చేది ఓఎంఆర్ షీటు. నీలం లేదా నలుపు బాల్‌పెన్నుతోనే గుండ్రాలు నింపాలని హాల్ టికెట్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంకు పెన్నుతో నింపితే షీటు చెల్లదు. అబ్బాయికి రెండే దారులు: మామ ఒట్టు తియ్యడమా, కలెక్టరీ తియ్యడమా. నేనెరిగినంతలో అందరూ బస్సు దిగి గేటు ముందు అయిదు రూపాయల పెన్ను కొంటారు. చెక్కిన పేరు బ్యాగుతో సహా బయట క్లోక్‌రూములో ఉంటుంది.

పర్యావరణం కోసం కొంటున్నామనే వాళ్ళు కూడా ఉన్నారు. ప్లాస్టిక్ పెన్నులు పారేసి భూమిని పాడు చెయ్యడం ఇష్టంలేదట. మంచి మాటే. అయితే ఈ పెన్నులోకి వాళ్ళు కొనేది ప్లాస్టిక్ కార్ట్రిడ్జీలు, ఒక్కోటీ నాలుగైదు రోజులకి చెత్తబుట్టలోకి. కన్వర్టరుతో ఇంకుబుడ్డీ వాడండి అంటే చేతులకి అంటుతుందంటారు. చేతులకి అంటని ఇంకు పెన్ను కావాలి వీళ్ళకి!

జీవితాంతం మన్నుతుందన్న హామీ ఒక్కదాని విషయంలో మాత్రం నేను దుకాణదారు పక్షం. ఆ మాటలో అబద్ధం లేదు. కొన్న వారం ఉత్సాహంగా రాస్తారు. మూత బిగువుగా పట్టదు కాబట్టి నాలుగు రోజులు ముట్టకపోతే నాలుక మీద ఇంకు ఎండుతుంది. ఒక గ్లాసుడు మంచినీళ్ళలో పాళీ నానబెట్టి కడిగితే మళ్ళీ రాస్తుంది. కడిగే ఓపిక ఎవరికుంది? ఎండిన పెన్నుని మఖ్మల్ పెట్టెలో పెట్టి, పెట్టెని షోకేసులో షీల్డుల పక్కన పెడతారు. రాయని పెన్నుకి అరుగుదలేముంటుంది? మనవడి పెళ్ళినాటికి కూడా పాళీ కొత్తగానే ఉంటుంది. పెట్టె దుమ్ము తుడిచి ఆ పెళ్ళికొడుక్కే చదివించెయ్యొచ్చు. వాడూ అరచేతిలో రెండుసార్లు ఎగరేసి చూస్తాడు. వజను గ్రాము కూడా తగ్గి ఉండదు.